స్పాంజి ప్యాడ్ల దాదాపీర్

ఏలూరు పడమర వీధిలో ఎవరినడిగినా, పరుపు కుట్టించుకోవాలంటే దాదాపీర్ దగ్గరికే వెళ్ళమంటారు. తొందరగా కావాలంటే మాత్రం ఇంకెక్కడికైనా వెళ్ళమని కూడా వాళ్ళే చెబుతారు. దూది సర్దడానికి బెత్తం అందుకుని పరుపు మీద రెండు దెబ్బలు వేస్తాడా, మూడో దెబ్బకి అది తాళంలో పడిపోతుంది. ఇక పరుపు సంగతి అతనికి గుర్తుండదు. ఎదురుగా నిలబడ్డవాడు ముందు విసుక్కుంటాడు, తరవాత తల ఊపుతాడు, ఆఖరికి తన బస్సు వెళ్ళిపోయిందని తెలుసుకుంటాడు.

పగలు పరుపులు, పెళ్ళిళ్ళ రోజుల్లో డోలక్. తాడేపల్లిగూడెం అబ్బాయిరాజు గారి ఆర్కెస్ట్రాలో ఇరవై రెండేళ్ళుగా డోలక్ దగ్గర కుర్చీ దాదాపీర్‌దే. నూర్‌బాషాల ఇంట పుట్టినవాడు కాబట్టి దూదీ తాళమూ రెండూ పుట్టుకతో వచ్చాయి; వాళ్ళ నాన్న దూదేకే విల్లు మోగుతుంటేనే ఉయ్యాల్లో నిద్రపోయేవాడట. పరుపులు పొట్టకి, డోలక్ ప్రాణానికి అని అందరితోనూ అనేవాడు. భార్య అమీనా ముందు మాత్రం అనేవాడు కాదు. మరి నేను దేనికని ఆవిడ అడిగితే చెప్పడానికి జవాబు లేదు.

2005 డిసెంబరులో ఓ మధ్యాహ్నం అబ్బాయిరాజు గారే స్వయంగా గూడెం నుంచి కొట్టుకి వచ్చారు. ఆయన మర్యాద గురించి కాస్త చెప్పాలి. ఒకసారి తన సైకిలు ఎత్తుకుపోతున్నవాణ్ణి పట్టుకుని, వెనక చక్రంలో గాలి తక్కువుందండీ, చూసుకోండి అన్నారని గూడెంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి మనిషి బల్ల మీద కూర్చుని, టీ తాగి, పిల్లల చదువులు అడిగి, వానలు అడిగి, గంట తరవాత అసలు సంగతికి వచ్చారు.

"ఈమధ్య పెళ్ళివారందరూ ప్యాడ్లున్నాయా అని అడుగుతున్నారండీ. డోలక్ పాతదైపోయిందంటున్నారు. మీకా, వేళ్ళు నెప్పులు. ఇంకా మిమ్మల్ని శ్రమపెట్టడం మాకు బాగోదండీ. ప్యాడ్లుంటే అది వేరే సంగతనుకోండి."

ఇది కుర్చీ ఖాళీ చెయ్యమని చెప్పడం. వీధిలో పోయే ఎవరికైనా అర్థమయ్యేది. దాదాపీర్‌కి మాత్రం ప్యాడ్లు తెచ్చుకోమని చెబుతున్నట్టు వినిపించింది. రెండు పుల్లలతో కొడితే డోలక్, డ్రమ్ము, తబలా, ఏది కావాలంటే అది పలికే ఆ విదేశీ పెట్టెని అతను ఒక పెళ్ళిలో చూశాడు. దాని ధర కూడా విన్నాడు, విన్న రోజు అన్నం సయించలేదు. అయినా అబ్బాయిరాజు గారిని సాగనంపుతూ, అప్పటిదాకా సెలవు పుచ్చుకుని, ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర ప్రోగ్రాం నాటికి ప్యాడ్లతో వస్తానని మాటిచ్చాడు. ఆయన ఒక్క క్షణం తడబడి, చాలా సంతోషమండీ అన్నారు. అంతకంటే ఏమనగలరు?

ఆ సాయంత్రం జరిగిందంతా భార్యకి పొంగిపోతూ చెప్పాడు. అమీనాకి సగం వినేసరికే సంగతి తెలిసిపోయింది. కానీ మొగుడి మొహంలో ఆ వెలుగు చూసి నోరు కట్టేసుకుంది.

అప్పుడే మృదుల దిళ్ళకి దూది మార్పించుకోవడానికి వచ్చింది. ఆవిడ ఫైర్ స్టేషన్ సెంటర్ దగ్గర కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పే టీచరు. దాదాపీర్ ఆవిడకి దిళ్ళ గురించి రెండు మాటలూ, ప్యాడ్ల గురించి రెండొందల మాటలూ చెప్పాడు. అంతా విని, అందులో బ్రహ్మవిద్యేమీ లేదందావిడ. ఏ ప్యాడ్ మీద దెబ్బ పడిందో కంప్యూటర్‌కి తెలిస్తే చాలు, దాచి పెట్టుకున్న చప్పుడు అదే వినిపిస్తుంది. కీబోర్డు మీద అక్షరం నొక్కినా జరిగేది అదే. టీలు ఒలికి, అక్షరాలు చెరిగిపోయి పాడైన కీబోర్డులు తమ దగ్గర మూల పడి ఉన్నాయని, పారేయబోయే పాత కంప్యూటర్ కూడా ఒకటి ఉందని చెప్పింది. దాదాపీర్ ఆ దిళ్ళకి కూలి తీసుకోలేదు. మామూలుకంటే దూది కూడా ఎక్కువ పెట్టేశాడు, పాపం వారం రోజులు ఆవిడ మెడ పట్టేసింది.

కీబోర్డు విప్పి చూస్తే లోపల పెద్దగా ఏమీ లేదు. రెండు ప్లాస్టిక్ పొరలు, వాటి మీద గీతలు, ఓ మూల అరచేతిలో సగం కూడా లేని పచ్చటి బిళ్ళ. పై గీత కింది గీతకి తగిలితే అక్షరం. ఇంతేనా అన్నాడు దాదాపీర్, ఏదో మోసం బయటపడ్డట్టు. ఆ బిళ్ళ ఊడదీసి, పాడైన టెలిఫోను తీగలు దానికి బిగించాడు. ఇక ఎనిమిది ప్యాడ్లు కావాలి. ఒక్కోదానికీ అడుగున నూనె డబ్బా రేకు, పైన ఓ డబ్బా మూత, రెండూ ఊరికే తగలకుండా మధ్యలో చిల్లులు పెట్టిన స్పాంజి. కొడితే స్పాంజి అణిగి, చిల్లుల్లోంచి రేకూ మూతా ముద్దెట్టుకోవాలి. మోత రాకుండా మూత మీద హవాయి చెప్పు అతికించాలి.

అమీనా వంటింట్లో జంతికల డబ్బాకి మూత పోయింది. మర్నాడు పంచదార డబ్బాకి పోయింది. వారం తిరిగేసరికి ఎనిమిది డబ్బాలు నోళ్ళు తెరుచుకుని కూర్చున్నాయి, చీమలకి పండగ. పాత చెప్పుల కోసం దాదాపీర్ ఎక్కడికెళ్ళినా జనం కాళ్ళ వైపే చూసేవాడు. శుక్రవారం మసీదు దగ్గర కొందరు చెప్పులు కాస్త దూరంగా విడవడం మొదలుపెట్టారంటే, అది వాళ్ళ తప్పు కాదు.

మొదటిసారి కొట్టినప్పుడు ఒక్క దెబ్బకి కంప్యూటర్ ఇరవైసార్లు మోగింది. అణిగిన స్పాంజి వెంటనే లేవడం లేదు. వేలు తియ్యకుండా అక్షరం నొక్కి పట్టినట్టే. మృదుల కంప్యూటర్‌లో ఏవేవో మార్చి చూసింది, రెండు రోజులు కుస్తీ పట్టింది, లాభం లేకపోయింది. దాదాపీర్ స్పాంజిని బొటనవేలితో నొక్కి చూశాడు. పరుపులవాడి బొటనవేలు అది, ఏ మనిషి బరువుకి ఏ స్పాంజి ఎంత దిగి ఎంతలో లేస్తుందో దానికి తెలుసు. బాగు చెయ్యడానికి వచ్చిన సినిమాహాలు కుర్చీల స్పాంజి గుర్తొచ్చింది. ఎన్ని వేలమంది కూర్చుని లేచినా, లేచిన మరుక్షణం అది పైకి వచ్చేస్తుంది. అది కోసి పెడితే ఒక దెబ్బకి ఒకటే మోత. ఈ చదువు మాకు చెప్పలేదండీ అని మృదుల ఒప్పేసుకుంది.

చప్పుళ్ళన్నీ దాదాపీర్ సొంత డోలక్‌వే కావాలన్నాడు. ఓ పొద్దున ఇంట్లోనే మైకు పెట్టి, ఒక్కో దెబ్బా విడివిడిగా కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఇన్‌స్టిట్యూట్‌లోని అగ్గిపెట్టెలంత స్పీకర్లలో విని ఇద్దరూ భేష్ అనుకున్నారు. అబ్బాయిరాజు గారికి ఫోను చేసి, ప్యాడ్లు సిద్ధమని చెప్పాడు. ఆయన ముందు ఇంట్లో అందరి ఆరోగ్యం అడిగారు. తరవాత, తప్పకుండా రండి, మీ ఇంట్లో వాళ్ళని కూడా తీసుకురండి అన్నారాయన, జాతరకి ఎవరినైనా పిలిచినట్టే.

జాతర రోజున కంప్యూటర్‌ని ఒక పరుపులో, మానిటర్‌ని ఇంకో పరుపులో చుట్టి, వ్యానెక్కించి, కాలువ దగ్గర బల్లకట్టు లాంటి పంటు మీద దాటించి కొల్లేటికోట చేర్చాడు. మానిటర్‌ని పొత్తిళ్ళలో బిడ్డలా ఒళ్ళో పెట్టుకున్న మొగుణ్ణి చూసి, మన పిల్లల్ని ఎప్పుడైనా ఇలా ఎత్తుకున్నారా అంది అమీనా. అతనికి వినపడలేదు.

స్టేజి మీద డోలక్ కుర్చీలో నరసరాజు అనే తణుకు కుర్రాడు కూర్చుని ఉన్నాడు, ముప్ఫై ఏళ్ళుంటాయి. పక్కన నల్లటి పెట్టెలో తళతళలాడే అసలు ప్యాడ్లు. తన ప్యాడ్లు చూడ్డానికి వచ్చిన అభిమాని అనుకున్నాడు దాదాపీర్. అతన్ని చెయ్యి పట్టి లేపి, చెప్పులూ మూతలూ స్పాంజీ అన్నీ విప్పి చూపించి, అరగంట పాఠం చెప్పాడు. నరసరాజు అబ్బాయిరాజు గారి వైపు చూశాడు. అబ్బాయిరాజు గారు ఆకాశం వైపు చూశారు. నరసరాజు తన పెట్టె మూసేసి, మీరే కూర్చోండి గురువుగారూ అని కింద చాప మీద కూర్చున్నాడు.

చీకటి పడుతుండగా పాట మొదలైంది. ఆరో ప్యాడ్ మీద దాదాపీర్ డోలక్ ఎడం వైపు దెబ్బ, పెద్దది, వేశాడు. నిలువెత్తు బాక్సుల్లో అది ఊరంతా వినపడేలా ధుమ్మని మోగింది. దాని తోకన ఒక ఆడగొంతు, మెత్తగా, స్పష్టంగా వచ్చింది: "ఏవండీ".

ముందు వరసల్లో మగవాళ్ళు నలభై యాభై మంది ఒక్కసారి వెనక్కి తిరిగారు. మళ్ళీ ధుం, మళ్ళీ "ఏవండీ". ఈసారి జనం గొల్లుమన్నారు. చప్పుళ్ళు ఎక్కించిన పొద్దున అమీనా వంటింట్లోంచి పిలిచిన పిలుపు అది, ఆ చిన్న స్పీకర్లలో అణిగిపోయింది. పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళకి ఆ పిలుపు దాదాపీర్ చెవికి ఆనడం మానేసింది. ఆ రోజూ ఆనలేదు, ఈ రోజూ ఆనలేదు. నవ్వులన్నీ తన వాయింపుకి మెచ్చుకోళ్ళనుకుని ఇంకా గట్టిగా కొట్టాడు. ఆడవాళ్ళ మధ్య కూర్చున్న అమీనా తన గొంతు గుర్తుపట్టి పైట మొహం నిండా కప్పుకుంది. కమిటీవాళ్ళు మొహాలు చూసుకున్నారు. అబ్బాయిరాజు గారు రెండుసార్లు దగ్గరికొచ్చి, కాస్త అండీ, కాస్త అని, ఆ తరవాతి మాట దొరక్క వెనక్కి పోయారు.

ఆఖరికి నరసరాజు చెవిలో చెప్పాడు. దాదాపీర్‌కి అప్పుడు తెలిసింది. ఇరవై రెండేళ్ళ వాయింపు ఒక్క పూటలో నవ్వులపాలైందనుకున్నాడు. ఆరో ప్యాడ్ ముట్టకుండా రెండు చరణాలు లాక్కొచ్చాడు. పాట ఉప్పులేని కూరలా సాగింది. అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి ఓ ముసలామె గట్టిగా అడిగింది, ఆ ఏవండీ ఏదండీ, మానేశారేం అని. నలుగురు అందుకున్నారు. దాదాపీర్ అమీనా వైపు చూశాడు. ఆవిడ పైట కాస్త తీసి, కొట్టమన్నట్టు తల ఊపింది.

అప్పుడు బయటపడింది వాయించేవాడి పనితనం. ఊరికే కొట్టలేదు. చరణం చివర అందరూ ఎదురుచూసే చోట చెయ్యెత్తి, ఆపి, జనం ఊపిరి బిగబట్టాక వేశాడు. పాడే అతను పాట మధ్యలోనే, వస్తున్నానే అని జవాబిచ్చాడు. జాతర జాతరంతా ఊగిపోయింది. తొమ్మిదింటికి అయిపోవాల్సిన ప్రోగ్రాం, కమిటీవాళ్ళు బతిమాలితే ఇంకో గంట సాగింది.

సర్దుకునేటప్పుడు నరసరాజు తీగలు చుట్టిపెడుతూ, మీరొస్తారని తెలిస్తే నేను అడ్వాన్సు తీసుకునేవాణ్ణి కాదు గురువుగారూ అన్నాడు. ఎప్పుడు తీసుకున్నావని అడిగాడు దాదాపీర్. డిసెంబరులో, రాజుగారు ఏలూరులో ఎవరినో చూసి నేరుగా తణుకు వచ్చి ఇచ్చారని చెప్పాడు.

ఆ మధ్యాహ్నం విన్న మాటలన్నీ ఒక్కొక్కటే ఇప్పుడు దాదాపీర్‌కి అర్థమయ్యాయి. మూడు నెలలుగా తనది కాని కుర్చీ కోసం డబ్బా మూతలు పోగేశాడు. ఏడుపొచ్చింది. దానికంటే ఎక్కువగా సిగ్గేసింది. నీకు తెలుసా అని అమీనాని అడిగాడు. తెలుసునని, అంత సంబరంగా ఉన్న మనిషికి ఎలా చెప్పాలో తెలియలేదని ఆవిడ అంది. అతను స్టేజి వెనక్కి నడిచాడు.

"రాజుగారూ, నన్ను తీసేశారా అండీ?"

అబ్బాయిరాజు గారు కొల్లేటి గాలి గురించి చెప్పారు, టీ తెప్పిస్తానన్నారు, పంటు దగ్గర రద్దీ గురించి కంగారు పడ్డారు. దాదాపీర్ కదల్లేదు. ఇక దారి లేక ఆయన తల వంచుకున్నారు.

"తీసేశానండీ. ఇరవై రెండేళ్ళ మనిషితో ఆ మాట అనడానికి నోరు రాలేదండీ. తప్పయిపోయింది."

"ఎల్లుండి అత్తిలి పెళ్ళి ప్రోగ్రాంకి నేను రావాలా, వద్దా? మీ మర్యాద నాకొద్దండీ. మూడు నెలలు మోశాను దాన్ని. ఒక్క మాట చెప్పండి చాలు."

అబ్బాయిరాజు గారు తమ ఇంట్లో కుక్కని కూడా మీరు అనే మనిషి. నుదురు తుడుచుకుని, చుట్టూ ఎవరైనా వింటున్నారేమో చూసుకుని, దాదాపీర్ భుజం పట్టుకున్నారు.

"రా," అన్నారు. "ఆ డోలక్ కూడా తెచ్చుకో."

దాదాపీర్ కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"వస్తానండీ," అన్నాడు.