మేకు కొట్టని చేతులు

శేషారత్నం గారు పరమపదించారన్న వార్త సప్తాహం నాలుగో రోజు ఉదయం, నేను పారాయణకు కూర్చోబోతుండగా అందింది. ముందురోజు సాయంత్రం హారతి కళ్ళకద్దుకుని, "రేపు కాస్త ముందే వస్తానమ్మాయ్" అని ఆటో ఎక్కిన మనిషి. తెల్లవారుజామున గుండెనొప్పి వచ్చి, ఆసుపత్రికి చేరకముందే దైవసన్నిధికి చేరారు. సప్తాహం మధ్యలో ఆపకూడదు కనుక ఆ రోజూ చదివాను. గ్రంథం కింద, వ్యాసపీఠం మీద, ఆమె తొడిగిన ఆకుపచ్చ నేతగుడ్డ ఉంది. దాని మీదికి చూపు పోయినప్పుడల్లా చదువుతున్న పంక్తి తప్పిపోయింది.

ఆమెను ఎరగని వారి కోసం రెండు మాటలు. వేసవిలో ఆగిరిపల్లి తోటల్లో మామిడికాయలు ఏరి వేరుచేసే పని. మిగిలిన కాలమంతా నూజివీడులో ఇంటింటికీ వెళ్ళి చెక్క సామానుకు గుడ్డలతో అలంకారం. కుర్చీలు, బీరువా తలుపులు, ఊయల బల్లలు, పూజామందిరాలు. మేకు కొట్టరు, బంక పూయరు. చదునుగా ఉన్నచోట బియ్యపు గంజి, కాళ్ళకు నాడాలు. ఏదైనా ముందు చెక్క వెనకవైపు ఓ మూల అద్ది, తుడిచి, మచ్చ పడలేదని చూశాకే పని మొదలు. "గుడ్డ వచ్చేటప్పుడు గంజి, పోయేటప్పుడు గోరువెచ్చని నీళ్ళు" అనేవారు. ఎవరైనా మేకు మాట ఎత్తితే తోట భాషలో బదులిచ్చేవారు: "తొడిమ ఊడిన కాయ చూశారా? సొన కారి ఒళ్ళంతా మచ్చ పడుద్ది. చెక్క కూడా అంతేనండీ."

ఒకసారి యూనివర్సిటీలో పనిచేసే ఒకాయన భార్య, అద్దె ఇంట్లోని పాత బీరువాకు గుడ్డ వేయించుకుంది. ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న నేనూ సాయం వెళ్ళాను.

"ఆంటీ, బంకతో గట్టిగా అంటించెయ్యండి. మాటిమాటికీ ఎవరు చేస్తారు?" అంది ఆ అమ్మాయి.

"బీరువా మీదేనా అమ్మా?"

"ఓనర్ గారిదండీ."

"ఇల్లో?"

"అదీ వాళ్ళదే."

"మరి అంత గట్టిగా ఎందుకు? ఖాళీ చేసే రోజు తలుచుకుని గుడ్డ ఎంచుకో."

ఆ అమ్మాయి నవ్వేసింది. నేను నవ్వలేకపోయాను. ఈ దేహం మనది కాదని చిన్నప్పటి నుంచీ ఎన్ని ప్రవచనాల్లో విన్నానో. అది మనసులో దిగింది మాత్రం ఆ బీరువా ముందే.

అలాగని ఆమె శాంతమూర్తి ఏమీ కాదు. కుట్టు వంకర పోతే చీవాట్లు పెట్టేవారు. తన కత్తెర ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. ఇన్నేళ్ళ శిష్యరికంలో నాకైనా ఒక్కసారీ ఇవ్వలేదు.

సప్తాహం ముగిసిన రోజు మా సత్సంగం పెద్ద రంగారావు గారు పీఠం దగ్గర నిలబడి, "ఆ గుడ్డ తియ్యొద్దమ్మా. అంచులకి నాలుగు మేకులు కొట్టించి, పైన అద్దం బిగిద్దాం. ఆవిడ గుర్తుగా ఉంటది" అన్నారు. పారాయణ పూర్తవగానే గుడ్డ తీసి ఉతికి దాచడం మా ఆనవాయితీ. ఇప్పుడు తీయవలసింది నేను.

"రెండు రోజులు ఆగుదాం బాబాయిగారూ" అన్నాను. నిజం చెప్పాలంటే ఆయన మాటే నాకూ నచ్చింది. ఆమె తన చేత్తో తొడిగినది తొడిగినట్టే మాకు మిగిలింది అదొక్కటే. తీస్తే ఆమెను రెండోసారి సాగనంపినట్టే.

ఆ రెండు రోజులూ నన్ను వదలనిది ఒక పాత సంభాషణ. ఒకసారి ఇదే రంగారావు గారు ఆమెను ఆటపట్టించారు: "ఏడో రోజుకల్లా నీ పనికి ఉద్వాసన చెప్తున్నాం గదా శేషారత్నం, బాధనిపించదా?"

"పూజ అవగానే దేవుడికే చెప్తారు గదండీ ఉద్వాసన. నా గుడ్డెంత?" అన్నారామె, నాడా విప్పుతూనే.

మూడో రోజు ఉదయం వెళ్ళి ఆయనకు ఆ మాటే గుర్తుచేశాను. ఆయన "నీళ్ళు నేను తెస్తాలే" అని లేచారు.

నాడాలు విప్పాను. తడిగుడ్డతో అంచులు అద్ది కాసేపు ఆగితే, గుడ్డ దానంతటదే వదిలి వచ్చింది. కింద పాత టేకు నున్నగా ఉంది. ఎడమ అంచున మాత్రం రెండు చిన్న బెజ్జాలు. అవి నేను చేసినవే. పని నేర్చుకునే రోజుల్లో తొందరపడి రెండు మేకులు కొట్టాను. ఆమె పారాయణ అయ్యేదాకా ఆగి, గుడ్డ తీశాక నా వేలు పట్టుకుని ఆ బెజ్జాల మీద ఆనించారు.

"గుడ్డ కిందే గదా పిన్నీ, ఎవరికి కనబడుద్ది?" అన్నాను.

"నీకు తెలుసుగా. మళ్ళీ చదివేటప్పుడు నీ మనసు గ్రంథం మీద ఉంటదా, బెజ్జం మీద ఉంటదా?"

ఇన్నేళ్ళుగా ఆ పీఠానికి ఎన్ని గుడ్డలు తొడిగారో, ఎన్ని తీశారో. అయినా నా తప్పు తప్ప ఆమె చేయి పడిన ఆనవాలు ఆ చెక్క మీద ఎక్కడా లేదు. అంచుల వెంట వేళ్ళతో వెతికాను. నూజివీడులో ఆమె అలంకరించిన ఏ బల్ల మీదా ఉండదు. అంత జాగ్రత్తగా బతికిన మనిషిని ఇక ఎక్కడని చూసుకోవాలి? ఆమె పాదాలకు పెట్టవలసిన నమస్కారం ఆ బోసి చెక్కకే పెట్టాను. నా పక్కన రంగారావు గారు కూడా, చేతిలో నీళ్ళగిన్నె కింద పెట్టి, తల వంచారు.