ఒకటిన్నర మీటర్ల గంగ

ముప్ఫైనాలుగేళ్ళు ఉక్కు కర్మాగారం నీటి పంపుల దగ్గర పనిచేసి రిటైరయ్యాక, కూర్మన్నపాలెంలో మా ఇంట్లో కూర్చుని స్టేజీల మీద ఎగిరే ఫౌంటెన్లకు లెక్కలు కట్టడం మొదలుపెట్టాను. ఈ వయసులో ఇదేం పని అని అడిగినవాళ్ళకు, నీళ్ళు అబద్ధం చెప్పవు, చుట్టాలు చెప్తారు అని జవాబిచ్చేదాన్ని. దాంతో చుట్టాలు రావడం తగ్గింది. పని పెరిగింది.

నేను చేసిన పదకొండో ప్రదర్శన మద్దిలపాలెం దగ్గర ఒక హాల్లో. డాన్సు నేర్పే అమ్మాయి కృష్ణా జిల్లా నుంచి వచ్చింది, భర్తకు పోర్టులో ఉద్యోగం. తన పిల్లలను మొదటిసారి పెద్ద స్టేజీ ఎక్కిస్తోంది. ఆఖరి అంశం గంగ భూమికి దిగడం, తొమ్మిది నిమిషాలు. ఆ తొమ్మిది నిమిషాల కోసం పిల్లలు ఏడాదిగా కాళ్ళు అరగదీసుకున్నారు.

హాలు మేనేజరు మొదటి రోజే నన్ను స్టేజీ మీదికి తీసుకెళ్ళి కొత్త చెక్క నేల చూపించాడు.

"మేడంగారూ, ఈ సెక్క ఏసి మూడు నెల్లు కాలేదు. ఒక్క సుక్క దీని మీద పడిందంటే మెయిన్ దించేత్తాను. డాన్సు మజ్జలో ఉన్నా సరే."

బెదిరింపు కాదు. మెయిన్ స్విచ్చి ఎడమవైపు తెర వెనక ఉంది. దాని కింద తనకోసం కుర్చీ వేయించుకున్నాడు.

నా తొట్టె పొడవు ఆరు మీటర్లు, వెడల్పు ఒకటీ ఇరవై, లోతు పదిహేను సెంటీమీటర్లు. వెయ్యీ ఎనభై లీటర్లు. నీళ్ళు పైకి చిమ్మే పన్నెండు నాజిళ్ళు తొట్టె నడిమి గీత మీద ఉంటాయి, ఒక్కోదాని రంధ్రం నాలుగు మిల్లీమీటర్లు. నీరు ఎంత ఎత్తు లేస్తే అందులో మూడోవంతు జాగా రెండు వైపులా ఉండాలన్నది నా పద్ధతి. నాకున్నది అటు అరవై సెంటీమీటర్లు, ఇటు అరవై. అంటే ఒకటీ ఎనభై దాటకూడదు. జాగ్రత్తకు ఒకటిన్నర దగ్గర ఆపాను.

"రెండు మీటర్లు లేపండి పిన్నిగారూ. గంగ అన్నాక పిల్లల తలలు బాగా దాటద్దా?" అంది డాన్సు అమ్మాయి.

"ఒకటిన్నర."

"అంతే అయితే జనం కుళాయి అనుకుంటారండి."

"అనుకోనీ. నేల తడిస్తే కుళాయి కూడా ఉండదు."

పైపులు బిగించేది జాలరిపేట మనిషి. యాభై దాటాయి. తెల్లారగట్ల వేటకు వెళ్ళొచ్చి, వల ఆరేసి, మధ్యాహ్నం నా దగ్గరికి వస్తాడు. నా లెక్కను నమ్మడు, నన్ను నమ్ముతాడు. శుక్రవారం ట్రయలు వేశాం. పన్నెండు ధారల్లో ఎక్కువదానికీ తక్కువదానికీ తేడా ఒక్క సెంటీమీటరు. నేను మురిసిపోతుంటే అతను తల గోక్కున్నాడు.

"అమ్మా, రేపు నీళ్ళొదిలే ముందు తొట్టెలో గంగమ్మకి రెండు పూలేత్తాను."

"వద్దు."

"పడవ నీట్లోకి తోసేటప్పుడు ఎయ్యమా ఏటి?"

"పడవకు నాజిళ్ళు ఉండవు. రంధ్రం నాలుగు మిల్లీమీటర్లని చెప్పానా లేదా?"

"గంగమ్మకి మిల్లీమీటర్లు తెలవ్వు కదమ్మా," అని ఊరుకున్నాడు.

శనివారం సాయంత్రం అయిదూ యాభైకి అతను టీకి వెళ్ళాడు. తొట్టె దగ్గర నేనొక్కదాన్నే. స్టేజీ మూల నటరాజు మెడలో చామంతి దండ. ఎందుకు చేశానో ఇప్పటికీ చెప్పలేను. కర్మాగారంలో ఏటా విశ్వకర్మ పూజనాడు ప్రతి పంపుకూ బొట్టు పెట్టిన చేయి ఇది, అలవాటు పోలేదేమో. మూడు రేకలు తుంచి నీళ్ళలో వదిలాను. పంపు నీళ్ళు లాగే మూతికి జల్లెడ ఉంది, మూడు రేకలు దానికి అంటుకున్నా మూసుకునేది నూటికి ఒక వంతు కాదు. ఆ లెక్క వేశాకే వదిలాను.

ఆరూ నలభైకి గంగ మొదలైంది. పన్నెండు ధారలూ ఒకటిన్నరకు లేచాయి. మూడో నిమిషంలో ఒకటీ ఇరవై. నాలుగో నిమిషంలో ఎనభై సెంటీమీటర్లు. తర్వాత మోకాలెత్తు. గంగ వేషం వేసిన పదేళ్ళ పాప తెలివైనది, నీళ్ళతోపాటు తనూ వంగుతూ వచ్చింది. చివరికి గొంతుక్కూర్చుని చేతులు మాత్రం ఆడించసాగింది. ముందు వరసలోంచి ఒక మాట స్పష్టంగా వినిపించింది.

"ట్యాంకు ఖాళీ అయిపోనాదేటి, బావా?"

పంపు వేగం నలభైలో ఉంది. నాబ్ ఎడమ తెర వెనక నా దగ్గరే ఉంది, తిప్పి యాభైకి తెచ్చాను. ధార రెండంగుళాలు కూడా పెరగలేదు. డాన్సు అమ్మాయి తెర వెనక నోట్లో కొంగు కుక్కుకుని నిలబడింది. జాలరిపేట మనిషి వెనక తెర కిందుగా బోర్లా పాకి, తొట్టెలో భుజం దాకా చేయి పెట్టి, పిడికిలి నిండా ఏదో లాగాడు.

జల్లెడ తెరుచుకుంది. నాబ్ ఇంకా యాభైలోనే ఉంది. వేగం నాలుగో వంతు పెంచితే ఎత్తు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. రెండు మీటర్ల ముప్ఫైనాలుగు. దానికి రెండు వైపులా డెబ్భై ఎనిమిది కావాలి, నాకున్నది అరవై. పాప ఉలిక్కిపడి లేచి రెండు చేతులూ పైకెత్తింది. హాలంతా చప్పట్లు. నేను నాబ్ వెనక్కి తిప్పేలోపు చెక్క మీద టప్ టప్‌మని చుక్కలు పడ్డాయి. నేను లెక్కపెట్టాను, ఏడు.

మేనేజరు అప్పటికే లేచి స్విచ్చి మీద చేయి వేశాడు. పాకుతూ వచ్చిన మనిషి అతని కాళ్ళ దగ్గర పిడికిలి విప్పాడు.

నా చామంతి రేకలు మూడూ ఉన్నాయి. వాటి మీద సగం బంతిపువ్వు. శుక్రవారం పూలేస్తానన్నవాడు నా వైపు చూడలేదు. దారంతో సహా జానెడు మల్లెపూలు. డాన్సు అమ్మాయి చేయి తన జడ మీదికి పోయింది. వీటన్నిటికీ అడుగున, జల్లెడకు మూతలాగా పరుచుకున్న పెద్ద ఎర్ర మందారం.

"ఇది గేటు కాడ సెట్టుదే కదా, మేనేజరు బాబూ," అన్నాడు జాలరిపేట మనిషి నెమ్మదిగా. "దాన్ని ఎవుల్నీ ముట్టనివ్వవు కదా నువ్వు."

మేనేజరు స్విచ్చి వైపు చూశాడు, మందారం వైపు చూశాడు.

"ఒక్కటే ఏసాను మేడంగారూ. నేల తడవకుండా సూడు తల్లీ అని మొక్కి ఏసాను."

"చేయి తీయండి. నేను ఎవరికీ చెప్పను," అన్నాను.

"మరి మీ సామంతి?"

"అదీ చెప్పను."

చేయి తీశాడు. మిగిలిన మూడున్నర నిమిషాలూ నీళ్ళు ఒకటిన్నర దగ్గర బుద్ధిగా నిలబడ్డాయి. పాప పూర్తి డాన్సు చేసి దండం పెట్టింది. తెర పడగానే డాన్సు అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"చూశారా పిన్నిగారూ, రెండు మీటర్లు దాటింది. నేలకేమైందండీ? ఏమీ కాలేదు."

ఆ ఏడు చుక్కల మీద తన తుండు పరిచి, దాని మీద నిలబడి ఉన్న మేనేజరు అవునన్నట్టు తలూపాడు.