దస్తగిరి సాబు పోయాక మిల్లులో టైము

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. బీఎస్సీలో ఆ పాఠం లేదు. మా మేనేజరు దగ్గర పనిచేశాక మనుషుల మీద కూడా నమ్మకం కాస్త తగ్గింది.

ఎనభైల చివర్లో నంద్యాలలో ఒక నూనెమిల్లులో గుమాస్తాను. గేటు దగ్గర హాజరు వేసే దస్తగిరి సాబు తన గోడగడియారాన్ని ఎప్పుడూ పదిహేను నిమిషాలు వెనక్కి పెట్టేవాడు. ఆళ్లగడ్డ బస్సులో వచ్చే ఆడకూలీలు ఎనిమిదికి అందుకోలేరని. ఆయన చనిపోయిన నెలకే మేనేజరు ఆ గడియారం పీకించి, హాజరుకు కంప్యూటరు తెప్పించాడు. మూడుసార్లు ఆలస్యమైతే పని పోయినట్టే. కంప్యూటరు అచ్చువేసిన టైమే ఆఖరు అని నోటీసు అంటించాడు.

కూలీలకు ఫ్యాను లేదు. కంప్యూటరుకు ఏసీ గది, నుదుటన కుంకుమబొట్టు. లోపలికి చెప్పులు విడిచి పోవాలి.

టైము పెట్టే పని నాది. మొదటిరోజు ఏ దేశపు టైమో దానికి చెప్పడం మరిచాను. అది లండన్‌లో ఉన్నాననుకుని, అందరూ ఐదున్నర గంటలు ముందే వచ్చినట్టు రాసింది. తిట్లు తిని, ఇండియా టైముకు మార్చి, రేడియోతో సరిచూశాను.

మరునాడు పొద్దున చూస్తే పదిహేను నిమిషాలు వెనక ఉంది. సరిచేశాను. ఆ మరునాడూ అంతే. పద్నాలుగు కాదు, పదహారు కాదు. హైదరాబాదు మెకానిక్ వచ్చి బ్యాటరీ మార్చాడు. మళ్లీ పదిహేనే. నేను సరిచేసిన ఆ రెండు రోజుల్లోనే ఆళ్లగడ్డ మరియమ్మకు రెండు ఆలస్యాలు పడ్డాయి.

మూడోసారి మేనేజరే ఎదురుగా కూర్చున్నాడు. ఏడుంముప్పావుకు, ఆయన చూస్తుండగానే సరిచేశాను. తర్వాత ఎవరూ ముట్టుకోలేదు.

"ఈపొద్దు ఆయమ్మ ఎట్ల తప్పించుకుంటాదో చూస్తా," అని కాఫీ తెప్పించుకున్నాడు. పండగ కళ ఆ మొహంలో.

మరియమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. నా చేతిగడియారంలో ఎనిమిదీ పన్నెండు.

"బస్సు ఈడికి వచ్చేసరికే ఎనిమిది దాటె సార్, నేనేం జేతు?"

ఆమె నంబరు కొట్టాను. కాగితం మీద ఏడూ యాభై ఏడు అని పడింది.

మేనేజరు తన గడియారం చూసుకున్నాడు. "ఏందప్పా ఇది? ఏమన్నా చేసినావా?"

"మీ ముందరే కద సార్ పెట్టింది."

"లోపలికి పోవల్నా సార్, ఇంటికి పోవల్నా?" అంది మరియమ్మ.

గోడమీద ఆయన సంతకంతోనే నోటీసు. చేత్తో లోపలికి చూపించాడు.

అదెలా జరిగిందో ఇప్పటికీ చెప్పలేను. మిషను లోపమే అంటే నాకేం అభ్యంతరం లేదు. నాకు అసహ్యం వేసేది వేరే సంగతి. ఆమె లోపలికి వెళ్లగానే, ఎవరూ అడక్కముందే, నా చెయ్యి టైము సరిచేయడానికి కీబోర్డు మీదికి పోయింది.