మామిడిపిందెలో నింపని గడి

"ఆ గడి కూడా నింపకుండానే అమ్మేసినావా?" అని నేనంటిని.

"నాకు కనపళ్ళేదక్కా" అన్నాడు వాడు.

నాకూ నా తమ్మునికీ నడుమ జరిగిన ఆఖరి మాటలు ఇవే. కుప్పంలో వాళ్లింటి నడిమింట్లో నిలబడి అనుకుంటిమి. ఆ పొద్దు నుంచి వాడు నన్ను పలకరించలేదు, నేను వాణ్ని పలకరించలేదు. రాసుకో పాపా. మీ నాయన గదా అని చెయ్యి ఆగితే ఆగనీ, మళ్లా రాయి.

నాకు సంతకం వచ్చు. బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోను వచ్చు. అంతకుమించి చదువు లేదు. కానీ కంప్యూటర్ వచ్చు. నవ్వేవాళ్లు నవ్వుకోనీ. మా ఇంటాయన మదనపల్లెలో పట్టుచీరల అంచులకు డిజైన్లు గీసేవాడు. మొదట్లో గళ్ల కాగితం మీద పెన్సిలుతో గీసేది. నిండిన గడి కాడ జరీ పైకి తేలాల, ఉత్త గడి కాడ మునగాల. ఆ కాగితం చూసి అట్టలకు బొక్కలు కొడతారు, ఆ అట్టలను పట్టుకోనే మగ్గం నేస్తాది. గళ్లు నింపడానికి అక్షరాలు యాలకు? ఆయన గీత గీస్తే నేను పక్కన కూచోని రంగు నింపేదాన్ని.

తొంభైలు అయిపోతా ఉండంగా ఆయన కంప్యూటర్ తెచ్చినాడు. టీవీ మాదిరి మానిటరు, కింద రేకు పెట్టె. ఆన్ చేస్తే పిండిమిషన్ తిరిగినట్టు రొద. దాంట్లోనూ గళ్లే గదా, మౌస్ పట్టుకోను నాకు కష్టం కాలేదు. ఆయుధపూజకు మగ్గానికి పెట్టినట్టే దానికీ బొట్టు పెడితిమి.

మా ఇద్దరికీ ఒక అలవాటు ఉండేది. డిజైన్ అంతా ముగించి ఆయన ఒక్క గడి మిగిలించేవాడు. "రా మే, ఇంకొకటి ఉండాది, నువ్వొస్తే అయిపోతాది" అని కేకేసేవాడు. పొయ్యి కాడ నుంచి పిండి చేతుల్తోనే వచ్చి నొక్కేదాన్ని. "ఇంక ఇది మనిద్దరిదీ" అనేవాడు. మా తమ్ముడు అప్పట్లో మా ఇంట్లోనే ఉండి చదువుకునేవాడు. అన్నం తట్ట ముందర కూచోని, "బావా, ఆ గడి మా అక్కకు లంచమా?" అని ఎగతాళి చేసేవాడు.

ఆఖరి డిజైన్ మామిడిపిందెల అంచు. పిందె తొడిమ కాడ ఒక గడి వదిలిపెట్టి ఉంటే, కడుపునొప్పి జాస్తి అయ్యి ఆస్పత్రికి తీసుకపోవాల్సి వచ్చింది. "వచ్చినాక నింపుదువులే" అని ఆటో ఎక్కినాడు. ఆయన రాలేదు. నేను నింపలేదు. నింపితే ముగిసిపోతాది గదా. మిగతా డిజైన్లు అమ్ముకోని, కొత్తవి గీసుకోని బతికినాను. అది మాత్రం ఏ మగ్గమూ ఎక్కలేదు, ఏ యాపారస్తునికీ చూపించలేదు. తమ్మునికి కూడా చెప్పి పెట్టింటిని, దాని జోలికి పోవద్దు నాయనా అని.

వాడు చదువైనాక కుప్పంలో ఇల్లు కట్టుకోని, రైల్లో బెంగళూరికి పొయ్యి కంపెనీలో పని చేసేవాడు. ఒక ఆదివారం ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందర పెట్టినాడు. వెండి తాంబాలం మాదిరి మెరస్తా ఉండాది.

"ఎంత రేటో తెలుసా అక్కా? మా ఆఫీసులో పెద్దసారు తావ కూడా ఇట్లాంటిది లేదు."

"మరి నాకు యాల తెచ్చినావురా? నేనేమన్నా మీ పెద్దసారుకు పెద్దసారునా?"

నాకు నచ్చలేదు. కండెలకు పట్టు చుట్టి చుట్టి, పోగు కోసుకోని నా వేళ్లు బండబారి ఉంటాయి. దాని పలక మీద వేలు పెట్టి ఎంత రుద్దినా బాణం కదల్లేదు. "నన్ను మనిషి కిందనే లెక్కబెట్టలేదప్పా ఇది" అంటే, వాడు పడీపడీ నవ్వి మౌస్ తగిలించినాడు. రంగు చూస్తే ఇంకో రోత. నేరుగా కూచుంటే ఎరుపు, రవ్వంత పక్కకు వంగితే ఇటుకరాయి రంగు. పాత మానిటర్ ముందర ఇద్దరం పక్కపక్కన కూచున్నా ఒకే ఎరుపు చూసేవాళ్లం. ఇది ఒకరికి ఒక మాట, ఇంకొకరికి ఇంకో మాట చెప్తాది అంటిని.

"నీకు అన్నీ అనుమానమే అక్కా" అన్నాడు.

అయినా వాడుతా పోతిని. ఆ ఎండాకాలం ఊరంతా కరెంటు కోతలు. కరెంటు పోతే పాతది టక్కున సచ్చేది, అంతసేపు నింపిన గళ్లన్నీ పొయ్యేవి. ఇది మాత్రం దీపం మాదిరి వెలుగుతా ఉండాది. రొద లేదు, వేడి లేదు. నాకు మెల్లమెల్లగా నమ్మకం కుదిరింది.

మళ్లా వచ్చినప్పుడు వాడు, "డిజైన్లన్నీ దీంట్లోకి మార్చేసినా, సూస్కో" అన్నాడు. తెరిచి చూస్తిని. మామిడిపిందె ఉండాది, తొడిమ కాడ ఉత్త గడి ఉండాది. "ఇంక ఆ పాతది యాలక్కా? కుప్పం తీసకపోతా, పాప నేర్చుకుంటాది."

పట్టు ఒక కండె మీద నుంచి ఇంకో కండెకు చుట్టితే మొదటి కండె బోడిగా మిగుల్తాది. నేను ఎరిగింది అదే. డిజైన్లు ఇటు వచ్చినాక ఆ పాత పెట్టెలో రేకు తప్ప ఏముంటాది అనుకుంటిని. నేను కుట్టిన పూలగుడ్డ కప్పి, బొట్టు పెట్టి, ఆడపిల్లను అత్తగారింటికి పంపినట్టు పంపిస్తిని. అనుమానమంతా కొత్తదాని మీద పెట్టుకోని, పాతదాన్ని చేతులారా సాగనంపితిని.

ఆ మరుసటేడు బంధువుల పిల్లకు చీర పెట్టాలని పుంగనూరికి పోతిని. బస్టాండు కాడ అంగట్లో బొమ్మకు కట్టి ఉండాది. మామిడిపిందెల అంచు. కంటద్దాలు పెట్టుకోని దగ్గరికి పొయ్యి చూస్తిని. తొడిమ కాడ జరీ లేదు. మగ్గం ఒకే డిజైన్‌ను తిప్పి తిప్పి నేస్తాది గదా. చీర పొడుగునా, ప్రతి పిందెకూ, అదే ఉత్త గడి.

"ఈడ జరీ పల్లేదే సామీ?" అంటిని.

"అయ్యో, తప్పు కాదమ్మా, అదే ఫ్యాషన్! పిందెకు కన్ను పెట్టినారు సూడు. మరమగ్గం సరుకు, నిండా పోతాండాది. ప్యాక్ చెయ్యమంటావా?"

చెయ్యొద్దు అంటిని. మా ఆయన చేతిపనిని నేను కొనుక్కోవాల్నా?

అట్నే కుప్పానికి బస్సెక్కితిని. దారి పొడుగునా ల్యాప్‌టాప్‌నే తిడతా పోతిని. వైరు లేకుండా బతికే దాన్ని యాల నమ్మితినో, ఎట్లో గాల్లోనే పంపించేసింటాది అనుకుంటిని. తమ్మునికి చెప్పి, దొంగను పట్టుకోమని అడగాలని పోతిని. వాని మీద నాకు నలుసంత అనుమానం లేదు.

నువ్వు స్కూలు బట్టల్లోనే పాత కంప్యూటర్ ముందర కూచోని ఉంటివి పాపా. గ్యాపకం ఉండాదా? "అత్తా, మామ డిజైన్లు సూస్తావా?" అని నువ్వే తెరిస్తివి. మామిడిపిందె వచ్చింది.

"ఇది ల్యాప్‌టాప్‌లోకి వచ్చేసింది గదమ్మా?" అంటిని.

"కాపీ చేస్తే రెండు తావులా ఉంటాయత్తా" అని నవ్వితివి. మరమగ్గాలాయన ఇంటికొచ్చి ఇవన్నీ చూసి, మీ నాయనకు దుడ్లిచ్చి, సీడీలోకి ఎక్కించుకోని పోయినాడని కూడా నువ్వే చెప్తివి. చెప్పకూడదని నీకేం తెలుసు.

మీ నాయన రైలు దిగి వచ్చినాడు. "ఎప్పుడొచ్చినావక్కా? కాఫీ తాగినావా?" అంటానే స్క్రీన్ చూసినాడు. చెప్పులు యాడ విడవాల్నో తెలియక గడప కాడనే నిలబడినాడు.

"పుంగనూరులో చూస్తిరా" అంటిని.

"పెట్టెలో ఊరికే పడి ఉంటే ఎవురికి లాభమక్కా? నలుగురు కట్టుకుంటే బావకే గదా పేరు."

"చీర మీద యాడ రాసినావు బావ పేరు?"

వాడు చెప్పులు విడిచి నడిమింట్లోకి వచ్చినాడు. అప్పుడు అడిగితిని, మొదట చెప్పినానే, ఆ మాట. నాకు కనపళ్ళేదక్కా అన్నాడు. అమ్ముకున్నదానికి నేను ఏడవలేదు. మా ఇంట్లో అన్నం తింటా, ఆ గడిని లంచమని ఎగతాళి చేసినోడు, కనపళ్ళేదన్నాడే. అది నేను మరవలేకపోతాండాను.

నిజం చెప్పాలంటే ఆ ల్యాప్‌టాప్ నాకు ఏ ద్రోహమూ చెయ్యలేదు. చానా ఏండ్లు దాంతోనే పని చేసుకుంటిని. ఒకసారి మామిడిపిందె తెరిచి, ఆ గడి మీద బాణం పెట్టి, వేలు మౌస్ మీద పెట్టి కూచుంటిని. నొక్కలేదు. నింపితే ఊర్ల మీద తిరిగేది ఒకటి, నా తావ ఉండేది ఇంకొకటి అవుతాది. ఆయనది ఏదని చెప్పేది?

చాలు పాపా. నువ్వు నడుమ నడుమ ఆపితివి, చూసినాను. మీ నాయన కాడ మాట మెత్తగా చేసినావో, ఉన్నదున్నట్టు రాసినావో, చదవలేని దాన్ని నాకెట్ల తెలుస్తాది? కోపం చేసుకోవద్దు. నమ్మి నమ్మి ఇట్లా అయినాను. ఇటు జరిగి నా పక్కన కూచో. మొదట్నుంచీ చదివి వినిపించు, ఒక్క మాట వదలకుండా.