బంద్ రోజు వెలిగే లైట్లు

మా పికప్ బండి డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు మామూలు రోజుల్లో వెలిగేది కాదు. తెలంగాణ కోసం బంద్‌కు పిలుపు వచ్చిన రోజే వెలిగేది. ముందు బ్యాటరీ బొమ్మ, దాని వెనకే నూనె డబ్బా బొమ్మ, ఆ తర్వాత ఇంజను బొమ్మ పసుపుపచ్చగా. కాసేపు మిణుకుమిణుకుమని, ఆరి, మళ్లీ వెలిగేవి. మర్నాడు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ఒక్కటీ ఉండేది కాదు.

మేము కడప జిల్లా నుంచి వచ్చి, మదీనాగూడలో ఒక షెడ్డు అద్దెకు తీసుకుని, హైటెక్ సిటీలో ఒక ఆఫీసుకు మధ్యాహ్నం భోజనం వండి పంపేవాళ్లం. వంట నాది. బేరాలు, సరుకులు మా ఆయనవి. బండి నడిపేది పటాన్‌చెరు అవతలి పల్లె మనిషి. మా ఆయన ఈడువాడే. ఇద్దరూ ఒకరినొకరు "అన్నా" అని పిలుచుకునేవారు. నన్ను మాత్రం అతను వదినా అనేవాడు.

పొద్దున దీపం పెట్టాక బండి తాళంచెవి దేవుడి పళ్లెంలో ఉంచడం నాకు అలవాటు. అతను వచ్చి, గుమ్మం బయట చెప్పులు విప్పి, దండం పెట్టుకుని, పళ్లెంలోంచి తనే తీసుకునేవాడు. ఒకరు ఇవ్వడం, ఒకరు పుచ్చుకోవడం ఉండేది కాదు. మేము ఊరికి కొత్తగా వచ్చినప్పుడు నాకు టైఫాయిడ్ వస్తే, ఎక్కించిన కూరగాయల మూటలు మళ్లీ దింపి, నన్ను దవాఖానకు తీసుకెళ్లింది అతనే. "జర ఓపిక పట్టు వదినా, ఈ గుంతలు దాటిస్తే అయిపాయె" అని దారంతా చెబుతూనే ఉన్నాడు. ఆ గొంతు గుర్తొచ్చినప్పుడల్లా అతని ఇంటివాళ్లను కూడా కలిపి దండం పెట్టుకుంటాను.

ఎర్ర లైటు వస్తే బండి ఆపాలన్నది మా ఆయన పెట్టిన నియమం. ఇంతకుముందున్న పాత బండిని ఎవరో లైటు పట్టించుకోకుండా నడిపితే ఇంజను పట్టేసింది. అందుకని ఈ బండి కొన్నరోజే, ఇంకా దండ వాడకముందే, అతనితో ఖరాఖండీగా చెప్పాడు.

"ఎర్ర లైటు వచ్చిందంటే యాడుంటే ఆడ ఆపేయాల అన్నా. ముందర ఎవరున్నా సరే."

"అట్లనే అన్నా. నువ్వే ముందట నిలబడినా ఆపుత" అన్నాడతను.

జెండా సంగతి కూడా మా ఆయనదే. ఒక బంద్ రోజు హఫీజ్‌పేట వంతెన దిగుతుంటే బండి అద్దం పగిలింది. రాయి ఎవరు వేశారో ఎవరూ చూడలేదు. ఆఫీసులో ఆకలి బంద్ పాటించదు కదా, ఇంకో బంద్ వచ్చినా వెళ్లక తప్పదు. జై తెలంగాణ అని రాసిన జెండా కట్టిన బండ్లను ఎవరూ ఆపడం లేదని విని, ఆయన వెల్డింగ్ షాపుకు వెళ్లి ఇనుప గొట్టం ఒకటి, దాని అడుగున రంధ్రమున్న పట్టీ ఒకటి చేయించుకొచ్చాడు. తుప్పు పట్టకూడదని నల్లరంగు మీద నల్లరంగు వేయించాడు. కొత్త బండికి బెజ్జం పెట్టడం ఆయనకు మనసొప్పలేదు. వెతికితే ఎడమ హెడ్‌లైటు వెనక బోల్టొకటి సిద్ధంగా కనబడింది. దానికి ఏదో వైరు తగిలించి ఉంది. ఆ వైరు కిందికి పట్టీ దూర్చి బిగించేశాడు. జెండా దిట్టంగా నిలబడింది.

"మా జెండాకు మీ ఇంట్ల ఇంత మర్యాద జరుగుతదనుకోలే అన్నా" అని మా డ్రైవరన్న నవ్వాడు.

అయితే రోడ్డు మీద కావలసిన జెండా ఆఫీసు గేటు దగ్గర పనికిరాదు. ఏ జెండా ఉన్న బండినీ సెక్యూరిటీవాళ్లు లోపలికి రానిచ్చేవారు కాదు. గేటు ముందు ఇంజను ఆపి, పానాతో బోల్టు విప్పి, గొట్టం సీటు కింద పెట్టి, బోల్టు మళ్లీ బిగించి లోపలికి వెళ్లాలి. బయటికి వచ్చాక మళ్లీ తగిలించాలి. బంద్ ముగిశాక జెండా షెడ్డులో మూలకు చేరేది. ఇదంతా ఎవరూ ప్రత్యేకంగా గమనించలేదు. పని అలా ఉండేది, అంతే.

లైట్లు వెలగడం ఆ తర్వాతే మొదలైంది. అతను నియమం ప్రకారం దారిలో ఆపి, మా ఆయనకు ఫోను చేసి, ఇంజను చల్లారేదాకా ఉండి, మెల్లగా వెళ్లేవాడు. అన్నం ఆలస్యమయ్యేది. ఆఫీసులో క్యాంటీన్ చూసే ఆయన మొదట మర్యాదగా, తర్వాత అంత మర్యాద లేకుండా మాట్లాడాడు.

హఫీజ్‌పేటలో మేము వెళ్లే మెకానిక్ బండి లోపాలు చూపే చిన్న పెట్టె తగిలించి చూశాడు. బ్యాటరీ చూశాడు, బెల్టు చూశాడు, నూనె చూశాడు. "బండి ఫస్ట్ క్లాస్ ఉంది భాయ్. బండికి ఏం ఫికర్ లేదు, మీరే పరేషాన్ అయితున్నరు" అన్నాడు. పక్కింట్లో గోదావరి వైపు ఆవిడ నన్ను పిలిచి, "దిష్టండీ. కొత్త బండి కదండీ, గుమ్మడికాయ కొట్టించండి, ఇట్టే పోతుంది" అన్నారు. కొట్టించాం. తర్వాతి బంద్‌కు లైటు వెలిగింది.

మా ఆయనకు అనుమానం అక్కడ మొదలైంది. అనుమానం బండి మీద కాదు.

"బంద్ రోజే ఎందుకొచ్చాది? మామూలు రోజు ఎందుకు రాదు?" అన్నాడు ఒకసారి నాతో. "రోడ్డు మీద వెలిగేది గేటు లోపలికి పోతానే ఆరిపోతుందంట. లైటు గూడా ఉద్యమం చేస్తాందా?"

"ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు."

"ఆయప్ప మనసు రోడ్డు మీద కూర్చున్నోళ్ల దగ్గరుంది. నేను తప్పనడంల్యా. నా అన్నం యాల దాటిపోతాంది."

ఆ తర్వాత అన్నా అనడం మానేశాడు. పేరు పెట్టీ పిలవలేదు. "డ్రైవర్ వచ్చినాడా" అని నన్ను అడిగేవాడు. తాళంచెవి పళ్లెంలో పెట్టవద్దని చెప్పి తన జేబులో ఉంచుకుని, బయలుదేరే ముందు చేతికిచ్చేవాడు. అతను మొదటి రోజు అలవాటుగా వచ్చి, దండం పెట్టుకుని, పళ్లెం చూసి, బయటికి వెళ్లి బండి పక్కన నిలబడ్డాడు. నేను పళ్లెంలో ఒక పువ్వు పెట్టి ఊరుకున్నాను.

తర్వాతి బంద్ ముందు సాయంత్రం, నేను చింతపండు నానబెడుతుంటే మా ఆయన వచ్చి చెప్పాడు.

"రేపు గూడా దారిలో ఆపినాడంటే ఇంగ మానిపిస్తా. హఫీజ్‌పేటలో ఇంగొక డ్రైవర్‌తో మాట్లాడి పెట్టినా."

ఆఫీసులో మా అన్నం వడ్డించే ఆమెకు బంద్‌లో బస్సు దొరకదు కాబట్టి మర్నాడు బండితో నేనే వెళ్లాల్సి ఉంది. ఆ రాత్రి పూజలో లైటు వెలగకూడదని అడగడానికి నోరు రాలేదు. దేవుణ్ణి బండి పనికి పెట్టినట్టు అనిపించింది. నిజం ఏదైనా కనబడనీ అని మాత్రం అనుకున్నాను. నేను బడికి వెళ్లలేదు. మా నాయనమ్మ, జేజి అనేవాళ్లం, స్తోత్రాల పుస్తకం ముందు పెట్టి ఇంట్లోనే అక్షరాలు నేర్పింది. అర్థం కాని చోట దాటిపోవద్దు, ఆగి చూడు అనేది.

పొద్దున జెండా బిగించుకుని బయలుదేరాం. సాంబారు గిన్నెల మూతలకు గుడ్డలు కట్టి వెనక పెట్టాం. నేను ముందు సీట్లో కూర్చున్నాను. హఫీజ్‌పేట దాటాం. ఎర్ర లైటు రెపరెపలాడింది. కొండాపూర్ దగ్గర పడుతుండగా మూడూ వెలిగి నిలిచాయి.

అతను నా వైపు చూడకుండా, "చూసినవా వదినా" అన్నాడు.

"చూసినా."

"ఆపాల్నా?"

ఆపితే ఏమవుతుందో అతనికి తెలుసునని అప్పుడు నాకు అర్థమైంది. హఫీజ్‌పేట మనిషి సంగతి హఫీజ్‌పేటలో దాగదు కదా.

"నియమం నియమమే. ఆపన్నా" అన్నాను.

బండి పక్కకు తీసేలోపే రోడ్డు మీద కూర్చున్నవాళ్లు లేచి వచ్చారు. వాళ్లలో పెద్దాయన ఒకాయన, మెడలో కండువా, చేతిలో సగానికి విరిగిన కర్ర.

"ఏందే, ఏడికి? బంద్ అని తెల్వదా?"

"ఆఫీసుకు అన్నం కాకా" అన్నాడు మా డ్రైవరన్న.

"ఎవరి అన్నం? ఆంధ్రోళ్లదా? జెండా కట్టి సాంబారు మోస్తున్నవా?" అని వెనక నుంచి ఒకరు నవ్వారు. పెద్దాయన నన్ను చూసి, "ఏ ఊరమ్మా మీది?" అన్నాడు.

"కడప జిల్లా."

"ఆంధ్రనే గదా."

"కాదు, సీమ."

"గదే గదా!"

"కాదు కాకా" అన్నాడు మా డ్రైవరన్న. "కారం తింటే తెలుస్తది తేడా. గ్లాసెడు సాంబారు తాగుతవా, కండ్లల్ల నీళ్లొస్తయ్."

అందరూ నవ్వారు. పెద్దాయన కర్ర చూపించి, తమ జెండా కర్ర విరిగిందని, మా గొట్టం మస్తుగా ఉందని, కాసేపు ఇమ్మని అడిగాడు. "ఒచ్చేటప్పుడు తీస్కపోండ్రి. ముందట ఎవరన్న ఆపితే కొండాపూర్ల జెండా ఇచ్చినమని చెప్పుండ్రి."

మా డ్రైవరన్న దిగి పానాతో బోల్టు విప్పాడు. గొట్టం ఇచ్చేశాడు. బోల్టు ఊగుతూ ఉంటే బాగుండదని వైరు దాని కిందికి చేర్చి గట్టిగా బిగించాడు. వచ్చి ఇంజను తిప్పాడు.

లైట్లు ఒక్కసారి వెలిగి, ఎప్పటిలా ఆరిపోయాయి. మళ్లీ రాలేదు. హైటెక్ సిటీ దాకా ఇద్దరం రోడ్డు చూడలేదనే చెప్పాలి, డ్యాష్‌బోర్డే చూశాం. గేటు దగ్గర ఆగి, అతను రెండు చేతులూ స్టీరింగు మీదే పెట్టుకుని, మెల్లగా అన్నాడు.

"గేటు లోపలికి ఎందుకు రాదు వదినా లైటు? జెండా గేటు కాడ తీస్తం గదా."

అన్నం వేళకు దిగింది. వడ్డించాను. తిరుగుదారిలో పెద్దాయన గొట్టం ఇచ్చేశాడు. కొంచెం ముందుకు వెళ్లి, అతను దాన్ని మళ్లీ తగిలించి ఇంజను తిప్పాడు. నేను గొట్టాన్ని పట్టుకుని కాస్త ఊపాను. మూడు లైట్లూ వచ్చాయి. విప్పి బిగిస్తే పోయాయి. ఆ బోల్టు కిందిది బండి ఎర్త్ వైరు, కరెంటు బండి ఇనుములోకి తిరిగి చేరేది దాని గుండానే. రంగు పూసిన పట్టీ దానికీ బండి ఇనుముకూ మధ్య అడ్డం పడుతోంది, జెండా గాలికి ఊగితే ఆ కాస్త తగులూ వదులవుతోంది. అతను నవ్వలేదు. "మెకానిక్ కాడికి ఎప్పుడన్న జెండాతోటి పోయినమా" అన్నాడు, అంతే.

జెండా లేకుండా రావడం మంచిది కాదని గొట్టాన్ని నేనే పట్టుకుని, కిటికీలోంచి బయటికి పెట్టాను. మదీనాగూడ దాకా అలాగే వచ్చాం. దారిలో ఒకరిద్దరు జై తెలంగాణ అని చెయ్యెత్తారు. మర్యాదకు నేనూ తల ఊపాను. చెయ్యి నొప్పి పుట్టింది.

షెడ్డు ముందు మా ఆయన నిలబడి ఉన్నాడు. నేను దిగి, "ఆయన చెప్పేదేం లేదు, మీరే చూడండి" అన్నాను. డ్రైవరన్న తగిలించి చూపించాడు, విప్పి చూపించాడు. మా ఆయన మళ్లీ తగిలించమన్నాడు. మళ్లీ విప్పమన్నాడు. తర్వాత ఆ పట్టీ చేతిలోకి తీసుకుని, జేబులోంచి మేకు తీసి రంగు గీకాడు. రంగు అంత తొందరగా రాలేదు. తనే దగ్గరుండి వేయించాడు కదా.

"జెండా ఇంగ యాడ కడదాం?" అన్నాడు చివరికి, పట్టీని చూస్తూనే.

"మీరే చెప్పుండ్రి సార్. జెండా మీది" అన్నాడతను.

సార్ అన్న మాట మా ఆయనకు తగిలింది. లోపలికి వెళ్లి కాళ్లు కడుక్కున్నాడు. క్షమించమని అడగలేదు. ఆయనకు ఆ మాటలు రావు. హఫీజ్‌పేట మనిషికి ఫోను చేసి, అవసరం లేదని చెప్పడం మాత్రం నాకు వినిపించింది. డ్రైవరన్నకూ వినిపించి ఉంటుంది, గోడ రేకుదే.

మర్నాడు పొద్దున నేను దీపం వెలిగించేసరికి తాళంచెవి పళ్లెంలో ఉంది. నేను పెట్టలేదు. అతను వచ్చి, చెప్పులు విప్పి, దండం పెట్టుకుని, దాన్ని తీసుకోబోయి ఆగాడు. నా వైపు చూశాడు. నేను వంకాయలు తరుగుతూ ఉండిపోయాను. తీసుకుని వెళ్లాడు.

బయట మా ఆయన గొంతు వినబడింది. "అన్నా, ఆ జెండాను వెనక చట్రానికి తాడుతో కడితే ఎట్లుంటాది?"

బండి తలుపు తీసి, మళ్లీ వేసిన చప్పుడైంది.

"కట్టు అన్నా" అన్నాడతను. "జర గట్టిగ కట్టు."