వెలుగు చూసి మురియవద్దన్న మేడం

మేడం పోయారని ఆదివారం పొద్దున్న మా ల్యాబ్ గ్రూపులో హిందీలో చిన్న మెసేజ్ వచ్చింది. ఈ ఊళ్లోనే కాసిడీహ్ పేటలో ఉన్న ఇంట్లో, నిద్రలోనే పోయారట. వెంటనే ఎవరికో ఒకరికి చెప్పుకోవాలనిపించి ఫోన్ తీశాను. అలాంటి కబురు వచ్చినప్పుడల్లా నేను చేసే నంబరు ఆవిడదే. మా అమ్మ పోయాక నాతో తెలుగు మాట్లాడే మనిషి ఈ హిందీ ఊళ్లో ఆవిడ తప్ప ఇంకెవరూ లేరు.

ఆవిడ నా పీహెచ్‌డీ గైడు. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడి కార్ఖానాలో కుదురుకున్న కుటుంబం వాళ్లది. పొద్దున్నే భుజం మీది బ్యాగు దించకుండానే ఇంక్యుబేటర్ తెరిచి, అందులో పెరుగుతున్న కణాలను చూసేవారు. మనుషుల్ని పలకరించడం ఆ తర్వాతే. మైక్రోస్కోపు గదిలో దీపాలు ఆర్పేశాక మాత్రం తెలుగు తప్ప మాట్లాడేవారు కాదు. నేను మొదట్లో హిందీలో జవాబిచ్చేదాన్ని. ఎన్నడూ దిద్దలేదు. తెలుగులోనే ఇంకో ప్రశ్న అడిగేవారు.

మా పని క్వాంటం డాట్ల మీద. అవి కంటికి ఆనని స్ఫటికపు నలుసులు. నీలి కాంతి పడితే ఎర్రగా వెలుగుతాయి. బతికున్న కణంలోకి పంపితే లోపల ఏం జరుగుతోందో చూడొచ్చు. కానీ వాటిలో కాడ్మియం ఉంటుంది, అది విషం. అందుకే పైన పూత వేస్తాం.

ఒకసారి నేను వేసిన కొత్త పూతతో డాట్లు ఇట్టే లోపలికి వెళ్లిపోయాయి. పళ్లెంలో కణాలన్నీ నిప్పుకణికల్లా ఉన్నాయి. ఆ ఫొటో సదస్సుకు పంపేద్దామని అందరం సంబరపడ్డాం. మేడం చాలాసేపు చూసి, "వెలుగు సూసి మురిసిపోతన్నావు. సెల్లు ఎలాగుందో సూసినావా?" అన్నారు.

కణాల అంచులు ముడుచుకుపోతున్నాయి. కాడ్మియం కారి ఉంటుందన్నాను.

"డాట్లు మానేసి, ఒట్టి పూతే ఏసి సూడమ్మా."

వేశాను. ఆ కణాలూ అలాగే ముడుచుకున్నాయి. కాపాడుతుందని మేం తొడిగిన పూతే వాటిని చంపుతోంది. ఫొటో పంపలేదు. నా థీసిస్ ఏడాది వెనక్కి పోయింది. నేను ఏడుస్తుంటే ఆవిడ ఓదార్చలేదు. రెండు టీలు తెచ్చి, నాది చల్లారిపోయేదాకా పక్కనే కూర్చున్నారు.

తర్వాత వేసిన పూతతో కణాలు హాయిగా ఉన్నాయి గానీ, డాట్లు లోపలికే పోలేదు. పళ్లెం నిండా చీకటి. "అన్నిటినీ దూరం పెడితే బతకడానికి బతికేత్తాం. లోపలేటుందో ఎవులికీ తెలీదు, అంతే" అన్నారు. కణాల గురించే అన్నారనుకున్నాను. చివరికి రెండు పూతలనూ కలిపి, పాళ్లు మార్చి మార్చి చూస్తే కుదిరింది. అదే నా థీసిస్.

ఆ సాయంత్రం సువర్ణరేఖ నది ఒడ్డున దహనానికి ల్యాబ్ వాళ్లం ఉన్నాం, నలుగురైదుగురు ఇరుగుపొరుగువాళ్లూ వచ్చారు. అందరూ హిందీలోనే చెప్పుకున్నారు, మంచి మనిషని.

సోమవారం ల్యాబ్‌కి వెళ్లాను. కణాలకు ఆహారం మార్చాలి కదా. దీపాలు ఆర్పి చూస్తే ఒక కణం రెండుగా చీలుతోంది. "మేడం, ఇటు చూడండి" అన్నాను.

"క్యా బోలీ, దీదీ?" అంది తలుపు దగ్గరున్న కొత్త విద్యార్థిని.

ఏమీ లేదన్నాను. లోపలి ఎర్రచుక్కలు కొన్ని అటూ కొన్ని ఇటూ సర్దుకున్నాయి. నడుమ సన్నని దారంలాంటిది కాసేపు నిలిచి, తెగిపోయింది. రెండు కణాలూ మునుపటికన్నా మసకగా, దేనికది దూరం జరగసాగాయి.