ఒక్క బీడీ బరువు

మా మామ పోయి ఇరవై రెండు రోజులైంది. పొద్దున చాయ్ తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడకు ఒరిగాడు. మళ్లీ కళ్లు తెరవలేదు. కామారెడ్డి దవాఖానకు తీసుకెళ్లే దారిలోనే అయిపోయింది.

నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. నా రాతలో తప్పులుంటాయి, అక్షరాలు వంకర పోతాయి. మన్నించండి. ఆయన గురించి నాలుగు మాటలు రాయకపోతే నాకు మనసు ఆగడం లేదు.

ఎల్లారెడ్డిలో మామను అందరూ విమానం బాపు అనేవాళ్లు. గల్ఫ్‌లో విమానాలు బాగుచేసే షెడ్డులో చాలా ఏళ్లు రేకు పని చేసి వచ్చాడు. వచ్చాక ఇంటి వెనక షెడ్డు వేసి, ఒక్క మనిషి కూర్చునే చిన్న విమానం కట్టడం మొదలుపెట్టాడు. గుండె బాగా లేదని తాను నడపడని ముందే తెలుసు. అయినా కట్టాడు.

దారిన పోయేవాళ్లు షెడ్డులోకి తొంగి చూసి అడిగేవాళ్లు. "ఏంది బాపు, నీ విమానం మహమ్మద్‌నగర్ దాకనన్న పోతదా?"

"పోతది. గని నువ్వు రెక్క పట్టుకొని నిలబడి పోవాలె, సీటు ఒక్కటే ఉంది" అనేవాడు తల ఎత్తకుండానే.

మాది బీబీపేట. పెళ్లై వచ్చినప్పుడు నాకు నోట మాట వచ్చేది కాదు. అదీగాక మామతో కోడలు ఎదురుగా మాట్లాడటం మా ఇళ్లలో లేదు. నా భర్త పొద్దున బస్సుకు కామారెడ్డి పనికి పోతే సాయంత్రమే వచ్చేవాడు. షెడ్డులో ఒక చెయ్యి అవసరమైతే మామ అత్తను పిలిచేవాడు, అత్త నన్ను పంపేది. ఆయన అడిగేది అత్తకు, నేను జవాబు చెప్పేది అత్తకు. గడపలో కూర్చుని బీడీలు చుట్టే అత్తకు ఒకరోజు విసుగొచ్చింది. "ఇద్దరి నడుమ నేనేంది, ఫోన్ తీగనా?" అంది. మామ నవ్వాడు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

విమానం రెక్క చివర, తలుపులా పైకీ కిందికీ ఆడే చిన్న రెక్క ఒకటి ఉంటుంది. దాని వెనక అంచు బరువైతే, వేగం పెరిగినప్పుడు అది గడగడ వణికి పెద్ద రెక్కనే విరిచేస్తుందట. అందుకని మామ దాన్ని ఊడదీసి, కీళ్ల దగ్గర రెండు ఇనుప అంచుల మీద ఆనించేవాడు. వెనక వైపు జారితే ముందు వైపు సీసం కలిపేవాడు. ఆ సీసం నిజాంసాగర్ చేపలవాళ్ల పాత వలలకు కట్టిన గుండ్లను కరిగించింది. గాలి తగిలితే తూకం తప్పుతుందని ఎండాకాలంలోనూ తలుపు మూసి, ఫ్యాన్ బంద్ చేయించేవాడు. నేనూ ఊపిరి బిగబట్టేదాన్ని.

రెక్క సమంగా నిలిచిన రోజు మామ, అత్త చాటలోంచి ఒక బీడీ తెచ్చి దాని వెనక అంచు మీద పెట్టాడు. రెక్క మెల్లగా వంగింది. తీస్తే లేచింది.

"సూడు. ఒక్క బీడీ" అన్నాడు. అత్త వైపు తిరిగి అన్నాడు కానీ, ఆ మాట నాకే.

తర్వాత కొన్నాళ్లకు, షెడ్డు ఊడుస్తుంటే నా చేతిలోని ఇనుప తట్ట ఆ రెక్క వెనక అంచుకు తగిలి రంగు లేచిపోయింది, చిన్న సొట్ట పడింది. భయపడ్డాను. సొట్ట పూడేలా అక్కడే ఉన్న లప్పం పూసి, ఆరాక పైన రెండు సార్లు రంగు వేశాను. మామ కనిపెట్టలేదు. రెక్కను తీసుకెళ్లి విమానానికి బిగించేశాడు. ఎగరడానికి అనుమతి వచ్చింది, వచ్చే వారం ఆయన స్నేహితుడు, పాత పైలట్, వచ్చి నడుపుతాడని ఇంట్లో చెప్పుకున్నారు.

రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. నేను పూసిన లప్పం ఎన్ని బీడీల బరువు? మూడో రోజు అత్త చుట్టిన బీడీలు ఇవ్వడానికి కార్ఖానాకు వెళ్లింది. నడుమ చెప్పడానికి మనిషి లేదు. షెడ్డు గుమ్మంలో నిలబడ్డాను.

"మామా" అన్నాను. బోల్టు బిగిస్తున్న ఆయన చేతిలోని పాన ఆగిపోయింది. నా గొంతు ఆయన నేరుగా వినడం అదే మొదలు. "నేను ఆ రెక్కకు లప్పం పెట్టిన. రంగు గూడ ఏసిన. చెప్పలే."

ఆయన పాన కింద పెట్టాడు.

"తలుపు మూయ్. ఫ్యాన్ బంద్ చెయ్యి."

ఊడదీసి ఆనించగానే వెనక అంచు జారిపోయింది. నాకు ఏడుపొచ్చింది. "గీకేద్దామా మామా?" అన్నాను.

"ఎందుకు బిడ్డా? నీ రంగు గట్లనే ఉండనీ. ముందట జర సీసం కలుపుదాం."

మధ్యాహ్నానికి రెక్క మళ్లీ సమంగా నిలిచింది. అప్పుడాయన నాకు పెన్సిల్ ఇచ్చి, కీలుకు ముందు, సీసం పక్కన లోపలి రేకు మీద రాయమన్నాడు. నా రాత బాగుండదన్నాను.

"అక్షరం వంకరున్నా ఏం గాదు, ఉన్నది రాయి."

'రంగు పడ్డది. మళ్ల తూచినం' అని రాశాను. "పెన్సిల్ రాతకు గూడ బరువుంటదా మామా?"

"ఉంటది. గని నువ్వు ముందటనే రాసినవ్ గద, మంచి దిక్కే" అన్నాడు.

అనుకున్న వారమే విమానం ఎగిరింది. ఊరి బయట మైదానం మీద రెండు చుట్లు తిరిగింది. నేను రెక్క చివరనే చూస్తున్నాను. అది వణకలేదు. దిగేదాకా మామ విమానాన్ని చూడలేదు, నన్నే చూశాడు. ఆ సాయంత్రం నుంచి మాకు అత్త అవసరం పడలేదు. "నా తీగ తెంపేసిండ్రు" అని ఆమె ఇప్పటికీ అంటుంది, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

ఇది అచ్చయ్యాక నేను రాసిన ఈ కాగితాలు కాల్చేయండి. నా చేతిరాత ఆ రెక్క రేకు మీద ఒక్క చోట ఉంటే చాలు. మొన్న షెడ్డు తలుపు తీశాను. పోయే ముందు రోజు మామ ఎందుకో ఆ రెక్కను ఊడదీసి ఇనుప అంచుల మీద పెట్టి ఉంచాడు. దాని మీద సన్నగా దుమ్ము పట్టింది. తుడవబోయి ఆగి, తలుపు మూసి, ఊపిరి బిగబట్టి చూశాను. అటూ ఇటూ వంగకుండా, అది అట్లాగే నిలబడి ఉంది.